‘గ్లోరీ’ని తెలుగులో ఏమనాలి? అసలు ఆ మాట ఎక్కడిది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. తెనాలిలో మిషన్ బడి పంతులుగా పనిచేస్తూ, సెలవుల్లో పద్యనాటకాలు ఆడిన మీ తాతగారి గురించి మీ మేనమామ ఇంగ్లీషులో ఒక వ్యాసం రాశారు. దాన్ని మీరు తెలుగులోకి తెస్తున్నారు. అందులో ‘గ్లోరీ’ నాలుగు చోట్ల వచ్చింది. నిఘంటువు తెరిస్తే మహిమ, కీర్తి, వైభవం, ఘనత, తేజస్సు అని వరసగా ఇచ్చింది తప్ప ఏది ఎక్కడ వాడాలో చెప్పలేదు. పైగా ఆ మాట సంస్కృతంలో చంద్రుడికి పేరైన ‘గ్లౌ’ శబ్దం నుంచి పుట్టిందని ఒక వీడియోలో విన్నారు. అది నిజమా అని, ఒకే మాట క్రికెటర్‌కూ దేవుడికీ ఎలా సరిపోతోందని అడిగారు.

ముందు సూటిగా చెబుతాను. ‘గ్లోరీ’కి అన్నిచోట్లా సరిపోయే ఒక్క మాట తెలుగులో లేదు, దాని కోసం వెతకడం దండగ. దేవుడి విషయమైతే మహిమ, మనిషి సంపాదించుకున్నదైతే కీర్తి లేదా పేరు, ఒక కాలానిదో రాజ్యానిదో అయితే వైభవం. చాలావరకు ఈ మూడింటితో పని జరిగిపోతుంది. జరగని చోట్లు కొన్ని ఉన్నాయి, వాటి సంగతి తర్వాత. ‘గ్లౌ’ కథ మాత్రం నమ్మకండి.

పాతికేళ్లుగా అనువాదమే నా తిండి. వ్యుత్పత్తి తెలిస్తే సరైన మాట దానంతట అదే దొరుకుతుందని నేను అనను. కానీ ఈ మాట విషయంలో దాని వెనుక నడిచిన దారి తెలియకపోతే ఒకే ఇంగ్లీషు మాట ఇన్ని ముఖాలతో ఎందుకు కనిపిస్తుందో అర్థం కాదు. అందుకే కొంచెం వెనక్కి వెళ్తాను.

ఇంగ్లీషువాళ్లకు ఇది సొంత మాట కాదు. వాళ్ల పాత భాషలో ఇదే అర్థానికి ‘వుల్దొర్’ అనే మాట ఉండేది. 1066లో ఫ్రాన్సు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి మాటలు వరదలా వచ్చి పడ్డాయి. ఆ తర్వాతి కాలంలో ఫ్రెంచి నుంచి వచ్చిన ‘గ్లోరీ’ స్థిరపడింది, ‘వుల్దొర్’ మాయమైంది. ఫ్రెంచికి అది లాటిన్ ‘గ్లోరియా’ నుంచి వచ్చింది. అక్కడితో దారి ఆగిపోతుంది. లాటిన్‌లోకి అది ఎలా వచ్చిందో పండితులు ఈనాటికీ ఏకాభిప్రాయానికి రాలేదు.

దారి ఆగిన చోటే ఊహలు మొదలవుతాయి. అమరకోశంలో చంద్రుడి పేర్ల వరసలో ‘గ్లౌర్మృగాంకః కలానిధిః’ అని ఉన్నమాట నిజమే. గ్లౌ అంటే చంద్రుడే. కానీ రెండు మాటలు మొదటి అక్షరంలో కలిసినంత మాత్రాన చుట్టరికం కుదరదు. అలా అయితే ఇంగ్లీషు ‘గ్లో’ కూడా దీనికి అన్నదమ్ము కావాలి. కాదు, అది జర్మన్ కుటుంబపు సొంత మాట. ఇంతకన్నా పెద్దమనిషి తరహా ఊహ ఒకటి ఉంది. గ్రీకులో కీర్తికి ‘క్లెయొస్’ అంటారు, ‘గ్లోరియా’ దాని తోబుట్టువేనని ఒకప్పుడు కొందరు అన్నారు. చిక్కేమిటంటే ఆ గ్రీకు మాటకు నిజమైన లాటిన్ చుట్టాలు వేరే ఉన్నాయి, అవన్నీ ‘క’తోనే మొదలవుతాయి. పేరుపొందినవాడికి లాటిన్‌లో ‘ఇన్‌క్లుతుస్’ అంటారు, అందులోనూ ఉన్నది ‘క’యే. ఇంట్లో అందరికీ ‘క’ ఉండగా ఒక్కదానికి ‘గ’ ఎందుకు వచ్చిందో చెప్పలేకపోయారు.

అయితే ఆ ‘క్లెయొస్’కు మనతో చుట్టరికం ఉంది, అది మాత్రం గట్టిది. సంస్కృతంలో వినడాన్ని చెప్పే ‘శ్రు’ ధాతువు నుంచి ‘శ్రవస్సు’ వచ్చింది. శ్రవస్సు అంటే కీర్తి, అంటే నలుగురి చెవిన పడేది. క్లెయొస్, శ్రవస్సు ఒకే తల్లి పిల్లలు. గ్రీకు కవి హోమర్ రాసిన ఇలియడ్ 9వ సర్గలో వీరుడు అఖిలీస్ తన ముందున్న రెండు దారులు చెబుతాడు. ట్రాయ్ దగ్గరే నిలిచి పోరాడితే ఇంటికి తిరిగి పోలేడు కానీ ‘క్లెయొస్ అఫ్థితొన్’, అంటే తరగని కీర్తి, దక్కుతుంది. ఇంటికి పోతే కీర్తి పోతుంది, ఆయుష్షు మిగులుతుంది. ఋగ్వేదం మొదటి మండలం 9వ సూక్తంలో ఇంద్రుణ్ణి అడిగే వాటిలో ‘శ్రవః’, ‘అక్షితమ్’ అనే జంట ఉంది. తరగని కీర్తి, మాటకు మాట అదే. ఈ పోలికను 1853లో అడాల్‌బెర్ట్ కూన్ అనే జర్మన్ పండితుడు పట్టుకున్నాడు. రష్యన్‌లో కీర్తికి వాడే ‘స్లావా’ కూడా ఈ ఇంటిదే. క్లియోపాత్రా పేరులోని ‘క్లియో’ కూడా ఇదే, ఆ పేరుకు తండ్రికి కీర్తి అని అర్థం.

మన ‘కీర్తి’ ఈ ధాతువుది కాదు, కానీ భావం దగ్గరిదే. కీర్తి, కీర్తన రెండూ నోటితో పొగిడి చెప్పడం నుంచి వచ్చాయి. శ్రవస్సు చెవి వైపు నుంచి, కీర్తి నోటి వైపు నుంచి. రెండూ పది మంది మాట్లాడుకుంటేనే ఉంటాయి. లాటిన్ గ్లోరియా కూడా మొదట్లో ఇంతే. ఒకరి గురించి పదే పదే వినిపించే, మెప్పుతో కూడిన పేరు అని రోమన్ వక్త సిసిరో దానికి నిర్వచనం ఇచ్చాడు. అందులో వెలుగూ లేదు, దేవుడూ లేడు. కాబట్టి రోమన్ల గ్లోరియాకు కీర్తి అచ్చంగా సరిపోతుంది.

మరి దేవుడు ఎక్కడి నుంచి వచ్చాడు? హీబ్రూ నుంచి. నాకు ఈ మొత్తం కథలో ఇష్టమైన భాగం ఇదే.

హీబ్రూ బైబిల్లో దేవుడి మహిమకు ‘కావోద్’ అనే మాట వస్తుంది. దాని ధాతువుకు అసలు అర్థం బరువు. కాలేయాన్ని కూడా అదే ధాతువుతో ‘కావేద్’ అంటారు, బరువైన అవయవం కదా. సమూయేలు మొదటి గ్రంథం 4వ అధ్యాయంలో ఒక సన్నివేశం ఉంది. 98 ఏళ్ల యాజకుడు ఏలీ, చూపు పోయినవాడు, యుద్ధవార్త కోసం దారిపక్క పీట మీద కూర్చుని ఉంటాడు. ఇద్దరు కొడుకులూ చనిపోయారని, దేవుడి మందసాన్ని, అంటే ఆయన సన్నిధికి గుర్తైన పవిత్రమైన పెట్టెను, శత్రువులు ఎత్తుకుపోయారని ఒకడు పరుగున వచ్చి చెబుతాడు. మందసం మాట వినగానే ఏలీ వెనక్కి పడి మెడ విరిగి చనిపోతాడు. ఎందుకంటే అతను ముసలివాడు, ‘కావేద్’, అంటే బరువైనవాడు అని గ్రంథం చెబుతుంది. ఆ వార్తకే అతని కోడలికి నొప్పులొచ్చి బిడ్డను కంటుంది, ప్రాణం పోయే ముందు ఆ బిడ్డకు ఈకాబోదు అని పేరు పెడుతుంది. కావోద్ పోయిందని ఆ పేరుకు అర్థం. బరువైన మనిషి కూలిపోయాడు, ప్రజల బరువు వెళ్లిపోయింది. హీబ్రూలో చదివేవాడికి ఈ రెండు దెబ్బలూ ఒకే మాటతో తగులుతాయి. మనకు ఏ అనువాదంలోనూ తగలవు.

తగిలేలా చేసే సరంజామా తెలుగులో లేదా అంటే, ఉంది. గౌరవం అనే మాట ‘గురు’ నుంచి వచ్చింది, గురువు అంటే బరువైనది. గురుత్వాకర్షణలో ఉన్నదీ ఆ గురువే. గరిమ కూడా ఆ ఇంటిదే. అష్టసిద్ధుల్లో అణిమ చిన్నవాడు కావడం, మహిమ పెద్దవాడు కావడం, గరిమ బరువెక్కడం, లఘిమ తేలిక కావడం. అంటే మూలం ప్రకారం చూస్తే కావోద్‌కు సరైన మాట మహిమ కాదు, గరిమ! ఎప్పుడో స్థిరపడిన మాటను ఇప్పుడు ఎవరూ మార్చరు, మార్చమని నేను అననూ అనను. కానీ ‘ఆయన మాటకు బరువుంది’ అని మనం అన్నప్పుడల్లా హీబ్రూవాడి ఆలోచనే చేస్తున్నాం.

దీనికి ఎదురు మాట కూడా అలాగే కలుస్తుంది. హీబ్రూలో తేలికదనాన్ని చెప్పే ధాతువే అగౌరవాన్నీ చెబుతుంది, మన చులకన లాగే. అదే గ్రంథం 2వ అధ్యాయంలో దేవుడు ఏలీతో, నన్ను బరువుగా చూసినవాళ్లను బరువుగా చూస్తాను, నన్ను కాదన్నవాళ్లు తేలికైపోతారు అంటాడు. తెలుగు బైబిల్లో మొదటి సగం ‘ఘనపరచుదును’ అని చక్కగా కుదిరింది. రెండో సగాన్ని ‘తృణీకారమొందుదురు’ అన్నారు. తృణీకారం మంచి మాటే, గడ్డిపోచలా చూడటం. కానీ చులకన అవుతారు అని ఉంటే త్రాసు రెండు పళ్లేలూ కనిపించేవి. నాకెప్పుడూ ఆ వాక్యం దగ్గర చెయ్యి దురదపెడుతుంది.

తర్వాత జరిగింది చూడండి. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దం నుంచి అలెగ్జాండ్రియాలోని యూదులు తమ గ్రంథాలను గ్రీకులోకి తెచ్చుకున్నారు. కావోద్‌కు వాళ్లు ఎంచుకున్న మాట ‘దోక్సా’. గ్రీకులో దోక్సా అంటే అనిపించడం, అభిప్రాయం. ప్లేటో దగ్గర అది జ్ఞానం కన్నా ఒక మెట్టు కింద. నలుగురికీ నీ గురించి ఉన్న మంచి అభిప్రాయం అనే అర్థంలో పేరు, పరువు అని కూడా వాడేవారు. ఆ సన్నని కొమ్మకు సీనాయి కొండ మీద మండే అగ్నిలా కనిపించిన కావోద్‌ను తగిలించారు. కొమ్మ విరగలేదు, మాటే లావెక్కింది. ఆ తర్వాత క్రైస్తవ గ్రీకులో దోక్సా అంటే దేవుడి ప్రకాశమే. జెరోము అనే క్రైస్తవ పండితుడు 4వ శతాబ్దం చివర లాటిన్ బైబిలు తయారు చేసినప్పుడు ఎక్కువ చోట్ల దానికి గ్లోరియా వేశాడు. సిసిరో గ్లోరియాలో లేని బరువు, వెలుగు, దేవుడు అలా వచ్చి చేరాయి. ఇంగ్లీషు ‘గ్లోరీ’ అంటే రోమన్ కుండలో హీబ్రూ నీళ్లు. ఒకే మాట క్రికెటర్‌కూ దేవుడికీ ఎలా సరిపోతోందని మీకు వచ్చిన అనుమానానికి జవాబు ఇదే.

ఒక చిన్న పక్కదారి. గ్రీకు క్రైస్తవుల ‘ఆర్థొడాక్స్’ అనే మాటకు సరైన అభిప్రాయం కలవారని అర్థం. దాన్ని స్లావు భాషల్లోకి తెచ్చినవాళ్లు దోక్సాను అభిప్రాయంగా కాక కీర్తిగా తీసుకున్నారు. అందుకే రష్యన్‌లో ఆ మతశాఖ పేరు ‘ప్రవస్లావియే’, అంటే సరైన స్తుతి. అనువాదకులు పప్పులో కాలేశారనాలో, అదృష్టం కలిసొచ్చిందనాలో నాకు తేలలేదు.

వెలుగు సంగతి. దేవుడి మహిమ అగ్నిలా, మేఘంలా కనిపించిందని రాసి ఉండటంతో చిత్రకారులు దాన్ని కాంతిగా గీశారు. ఇంగ్లీషులో సాధువుల వెనుక వేసే కాంతివలయానికీ ‘గ్లోరీ’ అనే పేరు వచ్చింది. ఆకాశంలోనూ ఒక గ్లోరీ ఉంది. విమానంలో ఎండకు అవతలి పక్క కిటికీ దగ్గర కూర్చుని కింద మబ్బు మీద పడిన విమానం నీడను చూడండి. ఆ నీడ చుట్టూ రంగురంగుల ఉంగరాలు, లోపల తెలుపు, అంచున ఎరుపు కనిపిస్తాయి. నేను మొదటిసారి విశాఖ వెళ్తూ చూశాను, నీడ చిన్నదవుతూ పెద్దదవుతూ మబ్బుల మీద పరుగెడుతుంటే ఉంగరం కూడా దాన్ని వదలకుండా వెంట వచ్చింది. మబ్బులోని సన్నని నీటి బిందువులు కాంతిని వెనక్కి మళ్లించడం వల్ల అది ఏర్పడుతుంది. 1894లో స్కాట్లండులోని బెన్ నెవిస్ కొండ మీద వీటిని చూసిన సి.టి.ఆర్. విల్సన్ అనే శాస్త్రవేత్త ప్రయోగశాలలో మబ్బు తయారు చేయబోయి, కంటికి కనపడని కణాల జాడ చూపే క్లౌడ్ చాంబర్ కనిపెట్టాడు. దానికే 1927లో నోబెల్ వచ్చింది. ఈ గ్లోరీని మహిమ అనకండి, వరదగుడి అని కూడా అనకండి. వరదగుడి సూర్యచంద్రుల చుట్టూ కట్టేది, చాలాసార్లు మంచు స్ఫటికాల వల్ల. ఇది సూర్యుడికి ఎదురు దిక్కున, నీడ చుట్టూ వచ్చేది. నేను ‘నీడ చుట్టూ కాంతివలయం’ అని విడమరిచి రాస్తాను.

ఇక తెలుగులో అసలు ప్రమాదం మహిమతోనే. సంస్కృతంలో దానికి పెద్దదనం అనే అర్థం ఉన్నా, మన వాడుకలో అది శక్తి వైపు జరిగిపోయింది. ‘మహిమ గల తల్లి’ అంటే కోరికలు తీర్చే తల్లి. ‘మహిమలు చూపించాడు’ అంటే అద్భుతాలు చేశాడు. ‘అంతా డబ్బు మహిమ’, ‘కాలమహిమ’ అన్నప్పుడు పొగడ్త కూడా లేదు, వెటకారమే. ఒకప్పుడు ఒక పర్యాటక పుస్తకం నా చేతికి దిద్దడానికి వచ్చింది. అందులో ‘కాకతీయుల మహిమ’ అని శీర్షిక. తొందరలో నేనూ వదిలేశాను. అచ్చయ్యాక ఒక పెద్దాయన ఫోను చేసి, ‘కాకతీయులు ఏమేం మహిమలు చేశారండీ, లోపల ఒక్కటీ లేదే’ అన్నారు. ఆ తర్వాత వైభవం అని మార్చాం. వరంగల్ కోటలో నాలుగు దిక్కులా నిలిచిన రాతి తోరణాలను కీర్తి తోరణాలు అంటాం. ఆ రాతిద్వారాల పేరులోనే సరైన మాట ఉండగా నా కంటికి ఆనలేదు!

బైబిలు అనువాదకులు కూడా ప్రతిచోటా మహిమ వేసి ఊరుకోలేదు, ఇది గమనించండి. అడవి పువ్వుల గురించి క్రీస్తు చెప్పిన మాటలో ‘తన సమస్త వైభవముతో కూడిన సొలొమోను’ అని ఉంటుంది. గ్రీకులో అక్కడా దోక్సాయే. రాజు హంగు కనుక వైభవం అన్నారు. ఆకాశాలు వివరించేది మాత్రం ‘దేవుని మహిమ’.

కీర్తికీ యశస్సుకూ తేడా అడిగేవాళ్లుంటారు కనుక ఒక్క ముక్క. అమరకోశం ‘యశః కీర్తిః సమజ్ఞా చ’ అని ఒకే గాటన కట్టింది. దానం వల్ల వచ్చేది కీర్తి, శౌర్యం వల్ల వచ్చేది యశస్సు అని చెప్పేవారూ ఉన్నారు. నేటి వచనంలో ఆ తేడా ఎవరూ పాటించడం లేదు.

నా సలహా ఏమిటంటే, ఈ సంస్కృతపు మాటలన్నిటికన్నా ముందు ‘పేరు’ను ప్రయత్నించండి. వామనుడికి దానం ఇవ్వొద్దని శుక్రాచార్యుడు అడ్డుపడినప్పుడు పోతన బలిచక్రవర్తి ‘కారే రాజులు? రాజ్యముల్ గలుగవే?’ అని మొదలుపెట్టి ‘భూమిపై బేరైనం గలదే?’ అంటాడు. రాజ్యాలేలి గర్వించిన వాళ్లకు కనీసం పేరైనా మిగిలిందా అని. ఆ వెంటనే శిబి మొదలైనవాళ్లను ‘యశఃకాములై’ అంటాడు. ఒకే పద్యంలో పేరు, యశస్సు పక్కపక్కనే నిలిచాయి, పేరు ఏమీ చిన్నబోలేదు. పేరుకు బరువు కూడా ఉంది. మనవాళ్లు ‘పేరుమోసిన’ అంటారు, పేరు మోసేది! కాకపోతే ‘పేరుమోసిన వైద్యుడు’తో పాటు ‘పేరుమోసిన దొంగ’ కూడా ఉంటాడు, చూసి వాడండి. వాసికెక్కిన అనేది మంచి మాట, ఇప్పుడు కొంచెం పాతబడింది. ‘వినుతికెక్కిన’లో వినడం ఉందని చాలామంది అనుకుంటారు, లేదు. అది పొగడ్తను చెప్పే సంస్కృతపు మాట.

సామెతలనూ మరవకండి. ఇంగ్లీషులో పాత గ్లోరీని తలుచుకుని మురిసేవాళ్ల గురించి వస్తే ‘మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి’ అన్నదాన్ని మించింది లేదు. ఉత్త డాబుకు ‘పేరు గొప్ప ఊరు దిబ్బ’ ఉండనే ఉంది. అయితే మీ తాతగారి వ్యాసంలో ఇవి పెట్టేరు, ఇంట్లో గొడవలవుతాయి.

మీ నాలుగు వాక్యాలకు వస్తాను.

పద్యనాటకానికి గ్లోరీ రోజులు అన్నచోట ‘పద్యనాటకం ఒక వెలుగు వెలిగిన రోజుల్లో’ అనండి. ‘వైభవ దినాలు’ తప్పు కాదు కానీ సన్మానపత్రంలా ఉంటుంది.

ఊరికి గ్లోరీ తెచ్చారన్నచోట ‘తెనాలికి పేరు తెచ్చారు’ చాలు.

ఉత్తరాల చివర ఆయన రాసుకునేవారన్న ‘గ్లోరీ టు గాడ్’ ఒక్కదానికే ‘దేవునికి మహిమ’. అది ఆయన సంఘంలో అందరూ అనే మాట, దాన్ని కదపకూడదు. వీలైతే పాత ఉత్తరాలు తీసి చూడండి. ఆయన తెలుగు ఉత్తరాల్లో ఏమని రాసేవారో అదే పెట్టండి.

చివరిది, ఆయన ఎన్నడూ గ్లోరీని ఆశించలేదన్న వాక్యం. మీరు ‘మహిమను కోరుకోలేదు’ అని రాశారు. అలా చదివితే ఆయనకు అద్భుతాలు చేయాలని లేదన్నట్టు వినిపిస్తుంది. ‘కీర్తికాంక్ష లేదు’ అనవచ్చు, పుస్తకభాష అయినా అర్థం సరిపోతుంది. నేనైతే మీరు వ్యాసంలోంచి ఉదహరించిన ఆ వివరాన్నే ఆసరా చేసుకుంటాను. ఆయన కరపత్రంలో తన పేరు చివర వేయమనేవారని, హార్మోనియం వాయించే ఆయన పేరు పైన వేయించేవారని మీ మేనమామ రాశారు కదా. దాన్ని ముందుకు తెచ్చి, ‘పేరు కోసం పాకులాడిన మనిషి కాదు’ అని దాని పక్కన పెట్టండి.